ఇంటి బీమాలో క్లెయిమ్ పెట్టినందుకు ప్రీమియం పెంచడాన్ని నియంత్రించాలని ఐఆర్‌డీఏఐకి బహిరంగ లేఖ

భారత బీమా నియంత్రణ, అభివృద్ధి ప్రాధికార సంస్థ చైర్మన్ గారికి, సభ్యులకు,
హైదరాబాద్.

గౌరవనీయులకు నమస్కారం.

వరదకో, గాలివానకో, పిడుగుపాటుకో ఇల్లు దెబ్బతిన్న పాలసీదారు తనకు జరిగిన నష్టానికి క్లెయిమ్ పెట్టుకుంటే, ఆ క్లెయిమ్ కారణంగానే మరుసటి ఏడాది రెన్యువల్‌లో ప్రీమియం పెంచే పద్ధతి ఇంటి బీమాలో కనిపిస్తున్నది. దానికి మీరు హద్దులు నిర్ణయించాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను. నాది ఉమ్మడి నల్లగొండ జిల్లాలోని కోదాడ. బ్యాంకులో పనిచేసి పదవీ విరమణ చేశాను. గృహరుణం మంజూరు చేసేటప్పుడు ఇంటికి బీమా తప్పనిసరి అని చెప్పి, రుణగ్రహీతల చేత సంతకాలు పెట్టించిన అనుభవం నాకున్నది. అదే బీమాను పాలసీదారుగా వాడుకున్న అనుభవం కూడా ఇప్పుడు తోడైంది.

మా ప్రాంతంలో ఇళ్లకు వచ్చే ఆపద ఎలాంటిదో ముందుగా మీ దృష్టికి తేవాలి. దక్షిణ తెలంగాణ అనగానే కరువు నేల అనే పేరు స్థిరపడిపోయింది గానీ, ఇళ్లను కూల్చేది ఇక్కడ ఎక్కువగా వాన, గాలి. 2009 అక్టోబరులో కృష్ణా, తుంగభద్రలు పొంగి అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని అలంపూర్ ప్రాంతాన్ని ముంచెత్తాయి. 2024 మే 26న నాగర్‌కర్నూల్ జిల్లాలో వీచిన ఈదురు గాలులకు గోడలు కూలి మనుషులు చనిపోయారు, ఎన్నో ఇళ్ల మీది రేకులు లేచిపోయాయి. అదే ఏడాది ఆగస్టు 31 రాత్రి నుంచి కురిసిన కుండపోతకు మా కోదాడ కాలనీలు నీట మునిగాయి, నడిగూడెం మండలంలో నాగార్జునసాగర్ ఎడమ కాలువకు గండి పడింది. 2025 అక్టోబరు చివర మొంథా తుపాను వర్షాలు దేవరకొండ, అచ్చంపేట ప్రాంతాలను అతలాకుతలం చేశాయి. ఈ నష్టాలన్నింటిలో ఇంటి యజమాని చేసిన తప్పు ఏమిటని అడిగితే ఎవరూ చెప్పలేరు.

ప్రభుత్వ సాయం ఉంటుంది కదా అనేవారికి అంకెలు చూపిస్తే చాలు. 2022-26 కాలపు రాష్ట్ర విపత్తు స్పందన నిధి నిబంధనల ప్రకారం మైదాన ప్రాంతంలో పూర్తిగా కూలిన ఇంటికి దక్కేది 1,20,000 రూపాయలు. పాక్షికంగా దెబ్బతిన్న పక్కా ఇంటికి 6,500 రూపాయలు, కచ్చా ఇంటికి 4,000 రూపాయలు. ఇవాళ్టి సిమెంటు, ఇసుక, మేస్త్రీ కూలి ధరల్లో 6,500 రూపాయలకు ఒక గది గోడలకు ప్లాస్టరింగు కూడా పూర్తి కాదు. కాబట్టి ఇంటిని తిరిగి నిలబెట్టుకోవడానికి మధ్యతరగతి కుటుంబానికి మిగిలిన ఆధారం బీమాయే. ఈ సంగతి మీకు తెలుసు. అందుకే 2021 ఏప్రిల్ 1 నుంచి భారత్ గృహ రక్ష అనే ప్రామాణిక పాలసీని ప్రవేశపెట్టి, వరద, తుపాను, పిడుగు, భూకంపం, అగ్నిప్రమాదం వంటి ముప్పులన్నింటినీ ఒకే పాలసీ కిందికి తెచ్చారు. ఇంటిని తక్కువ విలువకు బీమా చేశారనే సాకుతో పరిహారం కోసేసే పాత పద్ధతిని ఆ పాలసీలో తొలగించారు. ఇంట్లోని సామానుకు కూడా భవన విలువలో 20 శాతం మేరకు, 10 లక్షల రూపాయల పరిమితితో, రక్షణ దానంతట అదే వర్తించేలా చేశారు. పాలసీదారు పక్షాన ఆలోచించి చేసిన పని అది. ఆ మేలు ఒక్క క్లెయిమ్‌తో నీరుగారిపోతున్నదన్నదే నా ఆవేదన.

2024 సెప్టెంబరు 1 తెల్లవారుజామున మా ఇంట్లోకి మోకాళ్ల లోతు నీళ్లు వచ్చాయి. బీరువా కింది అరలోని దస్తావేజులు, వంటగదిలోని బియ్యం బస్తాలు, ఫ్రిజ్, ఇన్వర్టర్ బ్యాటరీ, పరుపులు, అన్నీ తడిసిపోయాయి. నీరు తీశాక తలుపుల చెక్క ఉబ్బి గడియ పడలేదు. సర్వేయర్ వచ్చారు, గోడ మీద నీటి మరక ఎంత ఎత్తున ఉందో టేపు పెట్టి కొలిచారు, ప్రతి వస్తువునూ ఫోటో తీసుకున్నారు, బిల్లులు అడిగారు. బిల్లులు తడిసి ముద్దయ్యాయని చెబితే అర్థం చేసుకున్నారు కూడా. అంచనాలో కొంత కోత పడినా పరిహారం వచ్చింది, దానికి కృతజ్ఞతలే తప్ప ఫిర్యాదు లేదు. అయితే తర్వాతి రెన్యువల్ వేళకు ఫోన్‌కు ఒక సందేశం, దాని కింద ఒక లింకు వచ్చాయి. అంతకుముందు 2,600 రూపాయల లోపున్న ప్రీమియం 4,700 దాటింది. బీమా మొత్తం, అంటే నష్టం జరిగితే పాలసీ కింద దక్కే గరిష్ఠ సొమ్ము, మారలేదు, ఇల్లు మారలేదు, పాలసీ మారలేదు. పెంపు ఎందుకో ఆ సందేశంలో ఒక్క ముక్క లేదు.

శాఖకు వెళ్లి అడిగితే కౌంటర్ దగ్గరి అబ్బాయి మర్యాదగానే జవాబు చెప్పాడు: "పోయినేడు క్లెయిమ్ ఉంది గద సార్, సిస్టమ్‌ల అట్లనే వస్తది. మా చేతిల ఏం లేదు." లిఖితపూర్వకంగా ఇమ్మంటే ఇవ్వలేమన్నారు. సంస్థ పేరు ఇక్కడ రాయదలచుకోలేదు, ఎందుకంటే ఈ పద్ధతిని ఆపే నియమం లేనప్పుడు ఒక సంస్థను నిందించి ప్రయోజనం లేదు. మా వీధిలోనే మరో సంస్థ పాలసీ ఉన్న ఒక టీచరమ్మకు ఇలాంటి సందేశమే వస్తే ఆమె రెన్యువల్ మానుకున్నారు. వరద వచ్చిన ఇంటికే బీమా లేకుండా పోవడం కన్నా విపరీతం ఉంటుందా?

బీమా సంస్థల వాదనలో న్యాయం లేకపోలేదు, దాన్ని పక్కనపెట్టి మాట్లాడడం సరికాదు. 2007 జనవరి 1 నుంచి అగ్నిప్రమాద బీమాకు టారిఫ్ ధరలు, అంటే అన్ని సంస్థలకూ ఒకేలా నిర్ణయించిన ధరలు, తొలగిపోయాయి, ధర నిర్ణయం సంస్థల చేతికి వచ్చింది. విపత్తులు పెరిగితే పునర్బీమా, అంటే బీమా సంస్థలు తమ కోసం తీసుకునే బీమా, ఖర్చు పెరుగుతుంది, ఆ భారం ఎక్కడో ఒకచోట పడక తప్పదు. చెరువు కింద ఉన్న కాలనీకీ, గుట్ట మీద ఉన్న కాలనీకీ ముప్పు ఒకటే అని ఎవరూ అనరు. ఒక ప్రాంతపు ముప్పు పెరిగిందని లెక్కలతో తేలినప్పుడు ఆ ప్రాంతంలోని పాలసీలన్నింటి మీదా కొద్దికొద్దిగా పెంచడాన్ని నేను వ్యతిరేకించను. నా అభ్యంతరం వేరు. ఒకే వీధిలో, ఒకే వరదలో మునిగిన రెండు ఇళ్లలో క్లెయిమ్ పెట్టిన ఇంటికి ప్రీమియం పెరిగి, పెట్టని ఇంటికి పెరగకపోతే ఆ పెంపునకు ముప్పుతో సంబంధం లేనట్టే. వచ్చే ఏడాది వరద వస్తే రెండు ఇళ్లలోకీ నీళ్లు ఒకే ఎత్తున వస్తాయి. అంటే ఇక్కడ ధర కట్టింది ముప్పుకు కాదు, హక్కును వాడుకున్నందుకు.

ఇంకో కోణం కూడా ఉన్నది. భారత్ గృహ రక్ష నిబంధనల్లోనే, క్లెయిమ్ చెల్లించాక బీమా మొత్తం తిరిగి పూర్తి స్థాయికి వస్తుంది, అందుకు మిగిలిన కాలానికి తగిన ప్రీమియాన్ని పరిహారంలోంచే మినహాయించుకుంటారు. అంటే క్లెయిమ్ వల్ల ఖాళీ అయిన రక్షణను నింపినందుకు పాలసీదారు ఒకసారి డబ్బు కట్టేశాడు. ఆ తర్వాత రెన్యువల్‌లో మళ్లీ అదే క్లెయిమ్ పేరుతో పెంచితే రెండోసారి కట్టించుకున్నట్టు అవుతుంది. ఏటా 2,000 రూపాయల చొప్పున ఏళ్ల తరబడి అదనంగా గుంజితే, సంస్థ ఇచ్చిన పరిహారం చేబదులు కింద మారిపోతుంది. కష్టాన్ని పదిమందీ పంచుకోవడమనే బీమా మూలసూత్రానికి అప్పుడు అర్థం మిగలదు. ఈ ప్రీమియం మీద 18 శాతం జీఎస్టీ కూడా పడుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య, జీవిత బీమాలకు జీఎస్టీ భారం తీసేశారు గానీ ఇంటి బీమాకు ఆ ఊరట దక్కలేదు. పన్ను మీ పరిధిలోనిది కాదని తెలుసు, అయినా పెంపు మీద పన్ను కలిసినప్పుడు జేబు మీద పడే బరువు ఎంతో మీరు గమనించాలి.

ఒకేసారి పదేళ్ల వరకు పాలసీ తీసుకునే వీలు ఉన్నది కదా అని ఎవరైనా అనవచ్చు. నిజమే, మొత్తం ప్రీమియం ముందుగా కట్టగలిగినవారికి మధ్యలో పెంపు బెడద ఉండదు. గృహరుణంతోపాటే దీర్ఘకాలిక పాలసీ ప్రీమియాన్ని కలిపేసుకున్నవారికీ ఉండదు. ఏడాదికి ఒకసారి కష్టపడి కట్టేవారికే దెబ్బ తగులుతుంది. నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో చూసిన రుణగ్రహీతల్లో చిన్న దుకాణదారులు, వలస వెళ్లి సంపాదించిన డబ్బుతో ఊళ్లో స్లాబు వేసుకున్న పాలమూరు మేస్త్రీలు, ఒక ఉద్యోగి జీతం మీద నడిచే కుటుంబాలు ఎక్కువ. రుణ షరతు ప్రకారం పాలసీ వారికి తప్పనిసరి కాబట్టి, ప్రీమియం ఎంత పెరిగినా వదులుకునే వీలు కూడా వారికి ఉండదు. క్లెయిమ్ చరిత్ర ఉన్న ఇంటికి వేరే సంస్థ దగ్గర తక్కువ ధరకు దొరుకుతుందన్న భరోసా లేదు. బేరమాడే శక్తి లేని చోటనే నియంత్రణ సంస్థ అవసరం.

ఈ పెంపు ప్రభావం ఒక్క పాలసీతో ఆగదు. చిన్న నష్టాలకు క్లెయిమ్ పెట్టకండి, తర్వాత ప్రీమియం పెరుగుతుంది అని ఏజెంట్లే సలహా ఇస్తున్నారు. గాలికి రెండు రేకులు లేచిపోతేనో, పిట్టగోడ పడిపోతేనో జనం సొంత డబ్బుతో సర్దుకుంటున్నారు, లేదా అతుకులు వేసి వదిలేస్తున్నారు. అలా వదిలేసిన పైకప్పు మరుసటి వానాకాలం పెద్ద నష్టానికి దారి తీస్తుంది, అప్పుడు సంస్థ చెల్లించాల్సిన పరిహారమూ పెరుగుతుంది. పైగా నమోదు కాని నష్టాలు ఏ లెక్కలోకీ రావు. మీ సంస్థ చొరవతోనే హైదరాబాద్‌లో ఏర్పడిన బీమా సమాచార బ్యూరో దగ్గరికి చేరే వివరాలు కూడా అంతమేరకు అసంపూర్ణంగానే ఉంటాయి. 2047 నాటికి అందరికీ బీమా అన్న లక్ష్యాన్ని మీరు ప్రకటించారు. 2023-24లో దేశ స్థూల ఉత్పత్తిలో జీవితేతర బీమా ప్రీమియం వాటా 1 శాతమే. క్లెయిమ్ పెట్టడానికి భయపడే పాలసీదారు తన పొరుగువారికి బీమా తీసుకోమని చెప్పడు.

మీకు ఈ విషయంలో అధికారం లేదని అనుకోవడానికి వీల్లేదు. 1999 నాటి మీ చట్టంలోని 14వ సెక్షన్ పాలసీదారుల ప్రయోజనాల రక్షణను మీ విధుల్లో చేర్చింది. టారిఫ్ సలహా సంఘం నియంత్రణలో లేని సాధారణ బీమా రేట్లను, షరతులను నియంత్రించే బాధ్యతను కూడా అదే సెక్షన్ మీకు అప్పగించింది. ఆరోగ్య బీమాలో ఆ అధికారాన్ని మీరు ఇప్పటికే వాడారు. 2016 నాటి ఆరోగ్య బీమా నిబంధనల్లో, రెన్యువల్ లోడింగ్, అంటే రెన్యువల్‌లో వేసే అదనపు ప్రీమియం, ఆ రకం పాలసీలన్నింటికీ వర్తించాలే గానీ ఒక్క వ్యక్తి క్లెయిమ్ అనుభవం ఆధారంగా ఉండరాదని స్పష్టంగా చెప్పారు. సీనియర్ సిటిజన్ల ఆరోగ్య బీమా ప్రీమియాన్ని ముందుగా మీతో సంప్రదించకుండా ఏడాదికి 10 శాతానికి మించి పెంచరాదని 2025 జనవరిలో ఆదేశించారు. గుండె ఆపరేషన్ చేయించుకున్న మనిషికి ఇచ్చిన రక్షణ, వరదలో మునిగిన ఇంటికి ఎందుకు ఉండకూడదు? వాహన బీమాలో సైతం క్లెయిమ్ లేకపోతే 20 శాతం నుంచి మొదలై 50 శాతం వరకు బోనస్ ఎలా పెరుగుతుందో, క్లెయిమ్ పెడితే అది ఎలా పోతుందో బండి ఉన్న ప్రతివారికీ ముందే తెలుసు. ఇంటి బీమాలో అలాంటి పట్టిక ఏదీ పాలసీదారు చేతికి రాదు.

ఇతర దేశాలు ఈ ప్రశ్నను ఎలా పరిష్కరించుకున్నాయో చూడడం మేలు, అయితే గుడ్డిగా అనుసరించమని నేను అనను. అమెరికాలోని టెక్సాస్ రాష్ట్ర బీమా చట్టం, ఇంటి బీమా పాలసీదారు మూడేళ్లలో రెండు లేదా అంతకన్నా ఎక్కువ క్లెయిములు పెడితేనే రెన్యువల్‌లో అదనపు ప్రీమియం వేయడానికి అనుమతిస్తుంది. వాతావరణం వంటి ప్రకృతి కారణాల వల్ల వచ్చిన క్లెయిములను, దాఖలు చేసినా చెల్లింపు జరగని క్లెయిములను ఆ లెక్కలో చేర్చనివ్వదు. కాలిఫోర్నియా మరింత కఠినమైన దారి పట్టింది. 1988లో ఓటర్లు ఆమోదించిన ప్రతిపాదన 103 ప్రకారం అక్కడ రేట్ల పెంపునకు ముందస్తు అనుమతి కావాలి, 7 శాతం దాటిన పెంపుపై వినియోగదారులు కోరితే బహిరంగ విచారణ జరపాలి. అయితే కార్చిచ్చుల ముప్పు పెరిగి, ఖర్చులకు తగినట్టు రేట్లు మారడం లేదంటూ సంస్థలు వెనక్కి తగ్గాయి. ఆ రాష్ట్రంలో అతిపెద్ద గృహ బీమా సంస్థ అయిన స్టేట్ ఫామ్ 2023 మేలో కొత్త ఇళ్లకు పాలసీలు ఇవ్వడం ఆపేసింది. అందుకే ప్రతి రేటుకూ మీ అనుమతి తప్పనిసరి చేయమని నేను అడగడం లేదు. ముందస్తు అనుమతి లేకుండా పాలసీని మార్కెట్లోకి తెచ్చి, తర్వాత వివరాలు మీకు దాఖలు చేసే విధానాన్ని 2022లో మీరు సాధారణ బీమా ఉత్పత్తులకు విస్తరించారు, దాన్ని రద్దు చేయమనీ అనడం లేదు. మన పరిస్థితికి టెక్సాస్ పద్ధతి దగ్గరగా ఉన్నదని నా అభిప్రాయం.

నేను కోరేవాటిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇది. వరద, తుపాను, ఈదురు గాలి, పిడుగు, భూకంపం, కొండచరియలు విరిగిపడడం వంటి ప్రకృతి కారణాల వల్ల వచ్చిన ఏ క్లెయిమ్ ఆధారంగానూ ఆ ఒక్క పాలసీదారు మీద లోడింగ్ వేయరాదని, రెన్యువల్ నిరాకరించరాదని స్పష్టమైన ఆదేశం ఇవ్వండి. దీనికి మినహాయింపు మోసం రుజువైన సందర్భం ఒక్కటే కావాలి. షార్ట్ సర్క్యూట్ మంటలు, పైపు పగలడం వంటి ఇతర నష్టాల విషయంలో ఇంటి నిర్వహణకు కొంత పాత్ర ఉంటుంది కాబట్టి పూర్తి నిషేధం అడగను. అక్కడ మూడేళ్లలో వచ్చిన మొదటి క్లెయిమ్‌ను లెక్కించకూడదు, రెండోదాని నుంచి వేసే లోడింగ్‌కు గరిష్ఠ శాతాన్ని మీరే నిర్ణయించాలి, కొత్త క్లెయిమ్ లేకుండా మూడేళ్లు గడిస్తే ఆ లోడింగ్ దానంతట అదే తొలగిపోవాలి. ఫోన్ చేసి ఇది పాలసీ కిందికి వస్తుందా అని అడిగినంత మాత్రాన, లేదా పెట్టిన క్లెయిమ్ తిరస్కరణకు గురైనంత మాత్రాన, దాన్ని చరిత్రగా రాసుకోకూడదు.

రెన్యువల్ నోటీసు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే కారణం తెలియకపోతే హక్కు ఉన్నా వాడుకోలేం. 2024 జూన్‌లో మీరు విడుదల చేసిన సాధారణ బీమా మాస్టర్ సర్క్యులర్‌తో పాలసీ వివరాలను సరళంగా చెప్పే వినియోగదారు సమాచార పత్రం తప్పనిసరి అయింది. అదే స్ఫూర్తితో, గడువుకు కనీసం 45 రోజుల ముందు పాలసీదారు కోరిన భాషలో, మా విషయంలో తెలుగులో, నోటీసు రావాలి. అందులో పాత ప్రీమియం ఎంత, కొత్తది ఎంత, తేడాలో బీమా మొత్తం పెరిగినందుకు ఎంత, ప్రాంతపు రేటు మారినందుకు ఎంత, క్లెయిమ్ చరిత్ర వల్ల ఎంత, జీఎస్టీ ఎంత అన్నది విడివిడి వరుసల్లో ఉండాలి. ఒక పేజీలో పట్టే సమాచారం ఇది. సిస్టమ్‌లో లెక్క వచ్చిందంటే దాని భాగాలు కూడా సిస్టమ్‌లో ఉంటాయి, వాటిని అచ్చు వేయడానికి అదనంగా ఖర్చయ్యేది స్వల్పం. పెంపుపై అభ్యంతరాన్ని మీ ఫిర్యాదుల వెబ్‌సైటు అయిన బీమా భరోసా పోర్టల్‌లో ప్రత్యేక అంశంగా స్వీకరించి, ఆ ఫిర్యాదు తేలేవరకు పాత ప్రీమియంతోనే రక్షణ కొనసాగేలా చూడాలి.

ప్రాంతం మొత్తానికి రేటు పెంచే సందర్భంలో దానికి ఆధారమైన నష్టాల లెక్కను జిల్లా స్థాయిలో సంస్థలు తమ వెబ్‌సైటులో పెట్టాలి. నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, జోగులాంబ గద్వాల జిల్లాల్లో ఎన్ని పాలసీలు ఉన్నాయో, ఎంత ప్రీమియం వసూలైందో, ఎంత పరిహారం చెల్లించారో బీమా సమాచార బ్యూరో ఏటా ప్రకటించాలి. అలాగే ముప్పు తగ్గించుకునేందుకు యజమాని ఖర్చు పెట్టినప్పుడు ఆ మేరకు ప్రీమియంలో తగ్గింపు ఉండాలి. వరద తర్వాత నేను గుమ్మాల ఎత్తు పెంచాను, కరెంటు మీటరును, స్విచ్ బోర్డులను నడుము ఎత్తుకు మార్పించాను, ఇన్వర్టర్‌ను గూట్లోకి ఎక్కించాను. ఈ పనులను చూడడానికి సంస్థ నుంచి ఎవరూ రాలేదు, రెన్యువల్ ఫారంలో వాటి గురించి రాయడానికి గడి కూడా లేదు. క్లెయిమ్‌ను గుర్తుపెట్టుకున్న సిస్టమ్ జాగ్రత్తను కూడా గుర్తుపెట్టుకోవాలని అడగడం అత్యాశ కాదు.

రుణం ఉన్న ఇళ్ల విషయంలో రిజర్వు బ్యాంకుతో మీరు మాట్లాడాల్సి ఉంటుంది. రుణ షరతు వల్ల పాలసీ కొనసాగించక తప్పనివారికి, తమ బ్యాంకు సూచించిన సంస్థ దగ్గర కాకుండా ఎక్కడైనా రెన్యువల్ చేసుకునే స్వేచ్ఛ ఉన్నదని రుణ పత్రాల్లోనే తెలుగులో రాసి ఇవ్వాలి. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు ఈ మాటను అడిగినవారికి చెప్పేవాళ్లం, అది అడగనివారికీ చేరాలంటే కాగితం మీద ఉండడమే మార్గం.

ఈ విషయంపై ముసాయిదా నిబంధనలు రూపొందించి, ఇంగ్లిషుతోపాటు తెలుగులోనూ ప్రజాభిప్రాయానికి పెట్టండి. మీ ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉన్నది కాబట్టి, నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో ఒకరోజు కూర్చుని, 2024, 2025 వర్షాల్లో నష్టపోయి క్లెయిమ్ పెట్టిన పాలసీదారుల మాట నేరుగా వినడం మీకు కష్టం కాదు. పాత నోటీసు, కొత్త నోటీసు, సర్వే నివేదిక, పరిహారం జమైన బ్యాంకు పాస్‌బుక్ పట్టుకుని రావడానికి మేము సిద్ధంగా ఉన్నాము. నైరుతి రుతుపవనాలు రాకముందే ఆదేశం వెలువడితే, ఆ వానాకాలంలో దెబ్బతినే ఇళ్లవారికి రెన్యువల్ వేళకు అది అండగా ఉంటుంది.

భవదీయుడు,
కోదాడకు చెందిన ఒక ఇంటి బీమా పాలసీదారు,
పదవీ విరమణ చేసిన బ్యాంకు ఉద్యోగి